తప్పుడు అరెస్టు, వాయిదాలకు రాని లాయరు, పోలీసుల మాటే చెప్పే పీపీ: ఎవరి మీద, ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

సమాధానమంతా తేదీల మీదే నడుస్తుంది కాబట్టి, మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను. గుంటూరులో ఉంటూ విజయవాడలో ఎలక్ట్రీషియన్‌గా పనులకు వెళ్లే మీ తమ్ముడిని, అతను వైరింగ్ చేసిన ఇంట్లో బంగారం పోయిందన్న కేసులో, విజయవాడ పోలీసులు శుక్రవారం రాత్రి మీ ఇంటి నుంచి తీసుకెళ్లారు. ఆదివారం మధ్యాహ్నం పండిట్ నెహ్రూ బస్టాండు దగ్గర అనుమానాస్పదంగా తిరుగుతుండగా పట్టుకున్నట్టు రిమాండ్ రిపోర్టులో (కస్టడీ కోరుతూ పోలీసులు కోర్టుకు ఇచ్చే నివేదికలో) రాసి, ఆ రాత్రే మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచారు. మీరు పెట్టుకున్న లాయరు ఫీజు తీసుకుని రెండు బెయిల్ వాయిదాలకు రాలేదు. ఇప్పుడు ఎన్‌ఓసీ (మరో లాయరును పెట్టుకోవడానికి అభ్యంతరం లేదన్న కాగితం) ఇవ్వమన్నా, కాగితాలు ఇవ్వమన్నా మిగతా డబ్బు అడుగుతున్నారు. కోర్టులో ప్రభుత్వం తరఫున వాదించే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ (ఏపీపీ) గారిని కలిస్తే పోలీసులు పంపిందే తాను కోర్టుకు చెప్పాలన్నారు. ముగ్గురి మీదా చర్య తీసుకోవచ్చా, అలా చేస్తే కేసు పాడవుతుందా అని మీరు అడిగారు.

చర్య తీసుకోవచ్చు. అయితే ముగ్గురికీ దారులు వేరు, రుజువు చేయవలసిన విషయాలూ వేరు. విజయవాడ, గుంటూరు కోర్టుల్లో క్రిమినల్ వైపు ఇన్నేళ్లుగా పని చేస్తూ నేను గమనించినది ఒకటుంది: ఫిర్యాదు ఎంత పెద్ద అధికారికి వెళ్లిందన్నదాని కంటే, జరిగిన తప్పు ఆ కేసు రికార్డులోకి ఏ తేదీన ఎక్కిందన్నదే చివరికి ఫలితాన్ని తేలుస్తుంది. ఏడాది తర్వాత పంపిన పది పేజీల ఫిర్యాదు కంటే, రిమాండ్ రోజున మేజిస్ట్రేటు గారు డాకెట్‌లో (కేసు ఫైలులో ఏ రోజుకారోజు రాసే నమోదులో) రాసుకున్న ఒక్క వాక్యం ఎక్కువ బరువు తూగుతుంది. అందుకే కింద చెప్పే ప్రతిదానిలోనూ ఎవరికి ఫిర్యాదు చేయాలన్నదానితో పాటు ఏ కాగితం ఎప్పుడు పుట్టించాలన్నది కూడా చెబుతాను.

ముందు పోలీసుల సంగతి. అరెస్టు చేసిన వ్యక్తిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు ఉంచాలన్నది రాజ్యాంగం 22వ అధికరణలో ఉన్న హక్కు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో (అరెస్టు, దర్యాప్తు, బెయిల్ పద్ధతులు చెప్పే చట్టం) ఇది 58వ సెక్షన్. ఈ నియమాన్ని బాహాటంగా ఎవరూ ఉల్లంఘించరు. మనిషిని శుక్రవారం తీసుకెళ్లి, అరెస్టు మాత్రం ఆదివారం చూపిస్తారు. అప్పుడు కాగితం మీద 24 గంటలూ దాటవు. మీ తమ్ముడి రిమాండ్ రిపోర్టు తీసి చదవండి. ఫలానా సమయానికి రాబడిన సమాచారం మేరకు సిబ్బందితో, ఇద్దరు మధ్యవర్తులతో బస్టాండు వద్దకు వెళ్లగా, పోలీసులను చూసి పారిపోవడానికి ప్రయత్నించిన ఒక వ్యక్తిని పట్టుకుని విచారించగా నేరం ఒప్పుకున్నాడని రాసి ఉంటుంది. పేరు, సమయం, స్థలం మార్చి ఇదే పేరా ఎన్నో కేసుల్లో చదివాను. మధ్యవర్తులుగా, అంటే పంచనామా సాక్షులుగా, సంతకం చేసేది చాలాసార్లు వీఆర్వోలే. ఆ ఆదివారం వాళ్లు నిజంగా బస్టాండులో ఉన్నారా, లేక స్టేషనుకు పిలిపించి సంతకం పెట్టించారా అన్నది క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగవలసిన ప్రశ్న.

శుక్రవారం రాత్రే తీసుకెళ్లారని చూపించడానికి మీ దగ్గర ఏముందో ఆలోచించండి. మీ వీధిలో ఏ దుకాణం ముందైనా కెమెరా ఉంటే ఆ ఫుటేజీ వారాల్లోనే చెరిగిపోతుంది, కాబట్టి యజమానిని అడిగి కాపీ ఈరోజే తీసుకోండి. అసలు రికార్డు ఉన్న పరికరం వివరాలు కూడా రాసి ఉంచండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కావాలి. గుంటూరు నుంచి విజయవాడకు జాతీయ రహదారి మీద వస్తే కాజ టోల్‌ప్లాజా దాటాలి, అక్కడి కెమెరాలకు పోలీసు వాహనమైనా ఒకటే. ఆ రాత్రి మీరు 112కు ఫోన్ చేసి ఉంటే ఆ కాల్‌కు రికార్డు ఉంటుంది. శనివారం స్టేషను ముందు నిలబడి మీ బంధువులకు పంపిన వాట్సాప్ సందేశాలకూ విలువ ఉంది, వాటిని తొలగించకండి, ఫోన్ మార్చకండి.

అన్నింటికంటే ముఖ్యం స్టేషనులోని సీసీటీవీ. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషనులోనూ లాకప్, వరండా, ప్రవేశ ద్వారాలన్నీ కనిపించేలా కెమెరాలు ఉండాలని, రికార్డింగు 18 నెలలు, అది సాధ్యం కాకపోతే కనీసం ఏడాది నిల్వ ఉండాలని ఆదేశించింది. శనివారం మీ తమ్ముడు ఆ స్టేషనులో కనిపిస్తే రిమాండ్ రిపోర్టు మొత్తం కూలిపోతుంది. ఆ ఫుటేజీని, స్టేషను రోజువారీ నమోదు పుస్తకమైన జనరల్ డైరీని భద్రపరిచి కోర్టుకు సమర్పించేలా ఉత్తర్వు ఇవ్వమని నాగరిక సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ముందు పిటిషన్ వేయించండి. కెమెరా పని చేయలేదని పోలీసులు జవాబిస్తారేమో, ఆ జవాబు కూడా రాతపూర్వకంగా రికార్డులోకి రావాలి. ఏ తేదీ నుంచి పని చేయలేదు, బాగు చేయమని ఎవరికి రాశారు అన్న ప్రశ్నలు దాని నుంచే పుడతాయి.

ఇళ్లలో దొంగతనానికి, నేరాలు, శిక్షలు చెప్పే చట్టమైన భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. ఇలాంటి కేసుల్లో అరెస్టు ఎందుకు అవసరమో కారణాలు రాయాలి, అవసరం లేకపోతే నాగరిక సురక్షా సంహిత 35వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి పిలవాలి. 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన అర్నేశ్ కుమార్ తీర్పు చెప్పింది ఇదే. కారణాలు చూడకుండా యాంత్రికంగా రిమాండ్ ఇచ్చే మేజిస్ట్రేట్లు కూడా శాఖాపరమైన చర్యకు బాధ్యులవుతారని ఆ తీర్పులోనే ఉంది. 2022లో సతేందర్ కుమార్ అంటిల్ కేసులో, ఈ నియమం పాటించకపోతే నిందితుడు బెయిల్‌కు అర్హుడని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అరెస్టుకు ఆధారమైన కారణాలు చెప్పకపోతే ఆ అరెస్టే చెల్లదని 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో చెప్పింది. మీ తమ్ముడి చేతికి అటువంటి కాగితం ఏదైనా ఇచ్చారా, ఇస్తే అది అతనికి వచ్చిన భాషలో ఉందా అని ములాఖత్‌లో అడిగి తెలుసుకోండి. బెయిల్ పిటిషన్‌లో మొదటి పాయింటు ఇదే కావాలి.

కొట్టారని మీరు రాశారు. రిమాండ్ సమయంలో ఏం జరుగుతుందో బయటివాళ్లకు తెలియదు. ఆదివారం రాత్రి మేజిస్ట్రేటు గారి ఇంటి దగ్గర హాజరుపరిచినప్పుడు, ఏమైనా ఇబ్బంది పెట్టారా అని ఆయన అడుగుతారు. రెండు రోజులుగా తనను ఉంచుకున్న కానిస్టేబుళ్లే రెండడుగుల వెనక నిలబడి ఉండగా ఇరవై రెండేళ్ల కుర్రవాడు లేదనే తల ఊపుతాడు. పోలీసులపై ఫిర్యాదు లేదని డాకెట్‌లో నమోదవుతుంది. ఆ వాక్యమే తర్వాత అతని మీద ఆయుధమవుతుంది. కానీ అదే చివరి మాట కాదు. అరెస్టు కాగానే నాగరిక సురక్షా సంహిత 53వ సెక్షన్ కింద వైద్య పరీక్ష జరిపించాలి, ఆ నివేదిక కాపీని అరెస్టయిన వ్యక్తికి గాని, అతను చెప్పిన మనిషికి గాని ఇవ్వాలి. జైల్లో చేర్చుకునేటప్పుడు ఒంటి మీద గాయాలను నమోదు చేస్తారు. ఆసుపత్రి కాగితంలో లేని గాయం జైలు రికార్డులో ఉన్నా, రెంటిలోనూ ఒకే గాయం వేర్వేరు వయసుతో ఉన్నా మీకు బలం. వెంటనే కోర్టులో పిటిషన్ వేసి, గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలోనో విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనో మళ్లీ పరీక్ష చేయించమని అడగండి. కమిలిన గాయం పది రోజులకు మాయమవుతుంది. కాబట్టి ఈ పిటిషన్‌ను మరో వాయిదా దాకా ఆపవద్దు.

ఇక ఒప్పుకోలు సంగతి. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. కొత్త సాక్ష్య చట్టంలో అది 23వ సెక్షన్. అయితే అతను చెప్పిన మాట వల్ల వస్తువు దొరికితే, ఆ మేరకు మాట చెల్లుతుంది. తప్పుడు కేసుల్లో ఎక్కువ శాతం నిలబడేది ఈ చిన్న సందు మీదే, కాబట్టి బంగారం ఎక్కడ ఎలా దొరికిందని రాశారో అక్షరం వదలకుండా చదవండి. సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయడం నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ ఇప్పుడు తప్పనిసరి చేసింది. ఆ వీడియో కావాలని అడగండి. తీయలేదంటే ఎందుకు తీయలేదో అడగండి.

ఫిర్యాదు దారులు ఇవి. కస్టడీలో హింస, అక్రమ నిర్బంధం, తప్పుడు రికార్డు తయారు చేయడం న్యాయ సంహితలో 120, 127, 256, 258 సెక్షన్ల కింద నేరాలు. ముందు పోలీస్ కమిషనర్‌కు స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచి, ఆ తర్వాత మేజిస్ట్రేటు ముందుకు వెళ్లాలి. ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణలో చేసినదని చెప్పే పనుల మీద అయితే నాగరిక సురక్షా సంహిత 175వ సెక్షన్ 4వ ఉపనిబంధన ప్రకారం మేజిస్ట్రేటు పై అధికారి నివేదికను, ఆ ఉద్యోగి సంజాయిషీని చూశాక గాని దర్యాప్తుకు ఆదేశించలేరు. అదే సంహిత 218వ సెక్షన్ కింద ప్రభుత్వ అనుమతి లేదన్న అభ్యంతరం కూడా తప్పక వస్తుంది. కొట్టడం విధి నిర్వహణ ఎలా అవుతుందన్న వాదన ఆయా కేసు వాస్తవాలను బట్టి గెలుస్తుంది లేదా ఓడుతుంది. మానవ హక్కుల కమిషన్‌కు సంఘటన జరిగిన ఏడాది లోపే వెళ్లాలి. ప్రాథమిక హక్కుల ఉల్లంఘన స్పష్టంగా ఉంటే నేలపాడులోని హైకోర్టులో రిట్ వేసి పరిహారం అడగవచ్చు. 1993లో నీలబతీ బెహెరా కేసు నుంచి ఇది స్థిరపడిన చట్టం.

ఇదంతా ఎందుకు ఇంత పట్టుబట్టి చెబుతున్నానో మన ప్రాంతపు కేసు ఒకటి చూస్తే తెలుస్తుంది. 2007 డిసెంబరులో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఒక హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని అత్యాచారానికి, హత్యకు గురైంది. అలాంటి బాధితురాలి పేరు రాయడాన్ని చట్టం నిషేధించింది కాబట్టి రాయను. 2008 ఆగస్టులో పోలీసులు ఒక పేద యువకుడిని అరెస్టు చేశారు, 2010 సెప్టెంబరులో విజయవాడ సెషన్స్ కోర్టు శిక్ష వేసింది. ఇతను కాదు, అసలు దోషులు వేరే ఉన్నారని చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే మొదటి నుంచీ మొత్తుకున్నారు. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసి, లక్ష రూపాయలు చెల్లించాలని, దర్యాప్తు చేసిన పోలీసుల మీద చర్య తీసుకోవాలని చెప్పింది. 2018లో కేసును సీబీఐకి అప్పగించాక, అసలు ఆధారాలే విజయవాడ కోర్టులో ధ్వంసమైపోయాయని తేలింది, దాని మీద మరో కేసు నమోదు చేయవలసి వచ్చింది. ఒక యువకుడి జీవితంలో ఎనిమిదేళ్లకు పైగా పోయాయి, ఆ తల్లికి ఇన్నేళ్లయినా బిడ్డను చంపిందెవరో తెలియలేదు. తప్పుడు అరెస్టు నిందితుడికి ఒక్కడికే అన్యాయం చేయదు. అసలు దోషిని వదిలేసి బాధితులకూ అన్యాయం చేస్తుంది. పోలీసుల మీద కోపంతో కేసును నడిపేవాళ్లు ఈ రెండో సగాన్ని మరిచిపోతారు, మీరు మరవకండి. బంగారం పోగొట్టుకున్న కుటుంబం మీకు శత్రువు కాదు, వాళ్లతో తగవు పెట్టుకోవద్దు.

ఏపీపీ గారి విషయానికి వస్తే, ఆయన అన్న మాట చట్టప్రకారం తప్పు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోలీసుల లాయరు కాదు. ఎలాగైనా శిక్ష వేయించడం పీపీ పని కాదని, నిందితుడికి న్యాయంగా దక్కవలసిన ప్రయోజనం ఏదైనా ఉంటే దాన్ని తానే కోర్టు దృష్టికి తేవాలని 1999లో శివకుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నిర్దోషికి శిక్ష పడేలా ప్రాసిక్యూషన్ నడపకూడదని, నిందితుడి నిర్దోషిత్వాన్ని చూపించగల ఆధారాన్ని దాచిపెట్టకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళిలోనే రాసి ఉంది. ఆచరణలో మేజిస్ట్రేటు కోర్టు ఏపీపీ మీద కేసుల ఒత్తిడి విపరీతంగా ఉంటుంది, కేసు డైరీ (సీడీ) ఫైలు వాయిదా రోజు ఉదయమే చేతికి వస్తుంది, సాక్షులను తెచ్చేదీ పోలీసులే. ఆ ఒత్తిడిని నేను అర్థం చేసుకుంటాను. కానీ తెలిసీ ఆధారం దాచడాన్ని ఆ ఒత్తిడి సమర్థించదు.

ఆయన అన్న ఒక్క మాట మీద మాత్రం ఫిర్యాదు పెట్టకండి, నిలవదు. దానికి బదులు ఒక పని చేయించండి. పోలీసులు సేకరించి కూడా తాము ఆధారపడని వాంగ్మూలాలు, పత్రాలు, వస్తువుల జాబితాను నిందితుడికి ఇవ్వాలని 2021 ఏప్రిల్‌లో క్రిమినల్ విచారణల లోపాలపై తనంతట తానే (సుమోటోగా) తీసుకున్న కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. చార్జిషీటు కాపీలు అందిన రోజే ఆ జాబితా కోసం మెమో వేయాలి. జాబితా వస్తే, అందులో మీకు ఉపయోగపడే వాంగ్మూలం ఉండవచ్చు. ఉన్నదాన్ని లేదని సంతకంతో చెబితే, అప్పుడు ప్రాసిక్యూషన్ల డైరెక్టర్‌కు రాయడానికి మీ చేతిలో గట్టి కాగితం ఉంటుంది. డబ్బు అడిగితే మాత్రం ఇది వేరే సంగతి, నేరుగా ఏసీబీకి వెళ్లండి. డబ్బు ఇచ్చాక వెళ్లడం కాదు, ఇవ్వకముందే వెళ్లాలి. పీపీ, డిఫెన్స్ లాయరు కలిసిపోయి సాక్షిని తిప్పే ప్రయత్నం చేసిన ఉదంతం ఢిల్లీ బీఎండబ్ల్యూ కారు ప్రమాదం కేసులో 2007లో ఒక టీవీ చానల్ రహస్య కెమెరాకు చిక్కింది. ఇద్దరినీ ఢిల్లీ హైకోర్టు ధిక్కారం కింద దోషులుగా తేల్చగా, 2009లో సుప్రీంకోర్టు డిఫెన్స్ లాయరు విషయంలో దాన్ని ఖాయం చేసి, పీపీ విషయంలో మాత్రం రద్దు చేసింది. ఎంత పెద్ద న్యాయవాది అయినా కోర్టుకు అతీతుడు కాడని మా వృత్తి వాళ్లందరికీ గుర్తుండే తీర్పు అది.

మీ లాయరు గురించి మా వృత్తివాడిగా నేను మెత్తగా మాట్లాడను. ఫీజు బాకీ ఉందని కక్షిదారు కాగితాలు బిగబట్టుకునే హక్కు న్యాయవాదికి లేదని 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అలా బిగబట్టడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. ఎన్‌ఓసీ ఇవ్వకపోతే ఆగిపోనక్కర లేదు: కొత్త లాయరు వకాల్తాతో పాటు, పాత వకాల్తా రద్దు చేయడానికి అనుమతి కోరుతూ పిటిషన్ వేస్తే కోర్టు ఇస్తుంది. రిమాండ్ రిపోర్టు, ఎఫ్ఐఆర్, డాకెట్ ఉత్తర్వులన్నింటికీ కాపీ అప్లికేషన్ పెట్టండి, పాత ఫైలు కోసం ఆయన వెంట తిరగవద్దు. లాయర్ల మీద ఫిర్యాదును బెజవాడ బార్ అసోసియేషన్‌కో, గుంటూరు బార్ అసోసియేషన్‌కో ఇచ్చి ఊరుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అసోసియేషన్ పెద్దలు రాజీ చేయగలరు గాని, సన్నదు (న్యాయవాద వృత్తికి ఇచ్చే అనుమతి) రద్దు చేయలేరు. అడ్వకేట్ల చట్టం 35వ సెక్షన్ కింద ఫిర్యాదు ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్‌కే వెళ్లాలి. అక్కడ న్యాయం జరగకపోతే 60 రోజుల్లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు, ఆ పైన సుప్రీంకోర్టుకు అప్పీలు ఉంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని ఎవరైనా చెబితే వినకండి, లాయరు సేవలు ఆ చట్టం కిందికి రావని 2024 మేలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఫిర్యాదుకు ఆయన రాని రెండు వాయిదాల డాకెట్ కాపీలు, ఫీజు ఫోన్‌పేలో పంపిన రికార్డు జతచేస్తే చాలు. కేసు గెలవలేదన్నది, బెయిల్ రాలేదన్నది దుష్ప్రవర్తన కాదు. అలాంటి మాటలు ఫిర్యాదులో చేర్చి దాన్ని పలచన చేయకండి.

ఆయన నిర్లక్ష్యం వల్ల జరగగల అసలు నష్టం ఒకటుంది, దాన్ని ఇంకా ఆపవచ్చు. ఈ కేసులో రిమాండ్ మొదలై 60 రోజుల్లో చార్జిషీటు దాఖలు కాకపోతే, నాగరిక సురక్షా సంహిత 187వ సెక్షన్ కింద బెయిల్ మీ తమ్ముడికి హక్కుగా వస్తుంది, కేసు బలాబలాలతో పని లేదు. కానీ 60 రోజులు దాటాక, చార్జిషీటు పడేలోపే పిటిషన్ వేసి ఉండాలి. ఒక్క రోజు ఆలస్యం చేసి, ఆ మధ్యలో చార్జిషీటు పడితే ఆ హక్కు పోతుంది. మీరు చెప్పిన తేదీలను బట్టి ఇంకా మూడు వారాలకు పైగా వ్యవధి ఉంది. ఈలోగా కొత్త లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు, 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. జైలు నుంచి మీ తమ్ముడే సూపరింటెండెంట్ ద్వారా దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఫిర్యాదు చేస్తే కేసు పాడవుతుందా అన్న భయానికి నా జవాబు ఇది. సీసీటీవీ పిటిషన్, వైద్య పరీక్ష పిటిషన్, ఆధారాల జాబితా మెమో మీ డిఫెన్సులో భాగాలే కాబట్టి వాటి వల్ల కేసు బలపడుతుందే గాని పాడవదు. పోలీసుల మీద ప్రత్యేక ఫిర్యాదును మాత్రం కొత్త లాయరు రికార్డంతా చదివాక, మీకు స్వయంగా తెలిసిన విషయాలతోనే రాయించండి. వినికిడి మాటలు, ఊహలు చేర్చితే తప్పుడు ఫిర్యాదు చేశారన్న ఎదురు కేసుకు అవకాశం ఇచ్చినట్టవుతుంది. ప్రెస్ మీట్ పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు వస్తారు. బెయిల్ వచ్చేదాకా వద్దు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే బెయిల్‌కు అభ్యంతరం చెప్పబోమని స్టేషను నుంచి కబురు రావచ్చు. ఆ బేరానికి ఒప్పుకోకండి. బెయిల్ ఇచ్చేది కోర్టు, వాళ్లు కాదు. ఆ కబురు ఎవరు, ఎప్పుడు, ఏ నంబరు నుంచి చెప్పారో అదే రోజు రాసి మీ లాయరుకు ఇవ్వండి.

చివరికి కేసు కొట్టేస్తే అక్కడితో వదిలేయవద్దు. కేసు వీగిపోయిన ప్రతిసారీ, దర్యాప్తు అధికారి, ప్రాసిక్యూటర్ల లోపమా కాదా అని పోలీసు, ప్రాసిక్యూషన్ ఉన్నతాధికారులతో కూడిన స్థాయీ సంఘం పరిశీలించాలని, బాధ్యుల మీద శాఖాపరమైన చర్య తీసుకోవాలని 2014 జనవరిలో కిషన్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఈ ఆదేశాన్ని గుర్తు చేసి అడిగే నిందితుల కుటుంబాలు చాలా తక్కువ. తీర్పు సర్టిఫైడ్ కాపీ చేతికి రాగానే, దర్యాప్తు గురించి జడ్జి గారు చేసిన వ్యాఖ్యలున్న పేజీలను గుర్తించి, హోం శాఖ ముఖ్య కార్యదర్శికి, డీజీపీకి, ప్రాసిక్యూషన్ల డైరెక్టర్‌కు జత చేసి పంపండి. ఆ సంఘం ఏం తేల్చిందో సమాచార హక్కు చట్టం కింద అడగండి, జవాబు రాకపోతే ఆ దరఖాస్తు రసీదుతోనే హైకోర్టుకు వెళ్లవచ్చు.